ఒకే ఓడ ఉన్నవాడి లెక్క

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, తాడిపత్రి చుట్టుపక్కల పసుపు బోర్డు బండ్లు ఒక్కొక్కటే కనపడకుండా పోతాయి. పోలింగు ఇంకా వారం ఉందనగా కొన్ని జీపులకు బళ్ళారి వైపు మంచి బాడుగ దొరుకుతుంది, సరిహద్దు దాటేస్తాయి. కొన్ని టెంపోలకు సరిగ్గా ఆ వారంలోనే గేరుబాక్సు పోతుంది. టైర్లు విప్పి ఇటుకల మీద నిలబెట్టిన మినీ బస్సులు మెకానిక్ షెడ్ల వెనక కనిపిస్తాయి. ఆ రోజుల్లో పెండ్లికో, తిరుపతి మొక్కుకో బండి కావాలంటే ఎవరి కాళ్ళు పట్టుకున్నా దొరకదు.

ఇది దొంగతనంగా తప్పించుకోవడమే అంటారు అధికారులు. చట్టం వాళ్ళ వైపే ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్ ప్రకారం బ్యాలెట్ పెట్టెలు మోయడానికో, పోలింగ్ సిబ్బందినీ బందోబస్తు పోలీసులనూ చేరవేయడానికో కావాలంటే, రాతపూర్వకమైన ఉత్తర్వుతో ఎవరి వాహనాన్నైనా, నౌకనైనా, పశువునైనా ప్రభుత్వం తీసుకోవచ్చు. కాదంటే 167వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో ఒక మినహాయింపు ఉంది, చదివితే నవ్వొస్తుంది: అభ్యర్థిగానీ అతని ఏజెంటుగానీ ఎన్నికల పనికి చట్టబద్ధంగా వాడుకుంటున్న బండిని మాత్రం పోలింగు పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదు. నాయకుడి కాన్వాయ్ క్షేమం. సంతకు కూలీలను తోలే జీపుకే గండం.

లారీలు, జీపులు పెట్టుకున్నవాళ్ళకు లెక్కలు రాసిపెట్టే పని నాది. కిస్తీలు, ఇన్సూరెన్సు, మూణ్ణెల్లకోసారి కట్టే ట్యాక్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, వీటి మధ్యే నా రోజు గడుస్తుంది. కాబట్టి పరిహారం గురించి చెప్పే 161వ సెక్షన్ కూడా చదివాను. అన్యాయమైన సెక్షనేమీ కాదది. ఆ ప్రాంతంలో నడుస్తున్న బాడుగ రేట్లను బట్టి డబ్బు ఇవ్వాలి అంటుంది. ఆ మొత్తం నచ్చకపోతే, గడువులోపల అర్జీ పెట్టుకుంటే, మధ్యవర్తికి పంపాలి అంటుంది. బండి అద్దె-కొనుగోలు ఒప్పందం మీద ఉంటే ఆ పరిహారాన్ని అసలు యజమానికీ బండి నడుపుకుంటున్నవాడికీ మధ్య పంచాలని కూడా రాశారు. 1951లోనే ఫైనాన్సు బండివాడిని గుర్తుపెట్టుకున్న ఆ పెద్దమనుషులకు దండం పెట్టాలి.

ఇంత పద్ధతిగా రాసిన చట్టం ఉండగా మావాళ్ళు గేరుబాక్సులు ఎందుకు విప్పుతున్నారు?

మా చిన్నాయనకు ఉన్నది ఒక్కటే జీపు. పోయిన ఎన్నికలకు దాన్ని రోడ్డు మీద ఆపి, ప్రయాణికులను దించేసి, తాళాలు తీసుకున్నారు. బండి తిరిగొచ్చేసరికి వెనక తలుపు సొట్టపోయి ఉంది. ఆ సొట్ట ఎవరి వల్ల పడిందో రాసిన కాగితం ఏదీ లేదు. డబ్బులు చాలాకాలానికి వచ్చాయి, అదీ ప్రభుత్వం ఖాయం చేసిన రేటు కార్డు ప్రకారం. రేటు కార్డు తప్పని కూడా అనలేను, మామూలు రోజుల్లో జీపు బాడుగ అంతే. అయితే మన దగ్గర ఎన్నికలు చాలాసార్లు ఎండాకాలంలో వస్తాయి. జాతర్లు, బడి సెలవులు, ఊరి దేవర్లు, పెండ్లిండ్లు అన్నీ అప్పుడే. జీపువాడు ఏడాది కిస్తీలకు సరిపడా ఊపిరి పీల్చుకునేది ఆ రెండు నెలల్లోనే. పైగా సగం బండ్లు ప్రభుత్వమే పట్టుకుపోతే మిగిలిన సగానికి రేటు రెట్టింపు అవుతుంది. ఆ రెట్టింపు రేటును పక్కింటివాడు తింటాడు, తాళాలు ఇచ్చినవాడు రేటు కార్డు తింటాడు. మా చిన్నాయన దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "వాళ్ళిచ్చేది బాడుగ రా అబ్బీ, నాకు పోయింది గిరాకీ."

ఈ బాడుగకూ గిరాకీకీ మధ్య తేడా గురించి ఎవరైనా గట్టిగా కొట్లాడారా అని వెతికితే సముద్రం మీద తేలాను. సెక్షన్‌లో బండి పక్కనే నౌకను కూర్చోబెట్టారు కదా, ఓడలవాళ్ళ కథ చూద్దామనుకున్నాను. అనంతపురం జిల్లావాడికి ఓడలతో ఏం పని అనకండి. ప్రభుత్వం అత్యవసరమని చెప్పి సొంత ఆస్తి తీసుకున్నప్పుడు ఎంత ఇవ్వాలి, ఏ రోజు ధర ఇవ్వాలి, ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నలన్నీ రెండు ప్రపంచ యుద్ధాల్లో ఓడల మీదే తెగాయి. లారీ కోసం సుప్రీంకోర్టు దాకా పోయే స్తోమత ఎవరికుంది? ఓడలవాళ్ళకు ఉంది.

వాటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఒక చిన్న పడవ కేసు. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగిన కొత్తలో కోర్స్ అనే ఆయన, కోస్ట్ గార్డ్ వదిలించుకున్న పాత ఆవిరి టగ్గును ఒకదాన్ని కొన్నాడు. పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే చిన్న మొండి పడవను టగ్గు అంటారు. దీని పేరు మెకార్థర్. మూడు వేల డాలర్లకు లోపే కొని, దాదాపు అంతకు రెట్టింపు మరమ్మతులకు పెట్టి పనికి దించాడు. 1942 అక్టోబరులో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని 9,000 డాలర్లు ఇస్తామంది. పెట్టిన ఖర్చు వచ్చేసింది కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అప్పటికి బయట టగ్గుల ధర మండిపోతోంది. సైన్యానికి, నౌకాదళానికి, రేవులకు అన్నిటికీ టగ్గులే కావాలి. 9,000 చేతిలో పెట్టుకుని మళ్ళీ అలాంటి టగ్గు కొనడం ఆయన వల్ల కాదు. దావా వేశాడు. కింది కోర్టు 15,500 డాలర్లు ఇవ్వమంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది, 1949లో ఆ తీర్పు నిలవలేదు.

సుప్రీంకోర్టు ఆధారపడింది 1936 నాటి వాణిజ్య నౌకల చట్టం 902వ సెక్షన్ మీద. ఓడను తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి, కానీ ఏ కారణం వల్ల తీసుకోవాల్సి వచ్చిందో ఆ కారణం వల్లే పెరిగిన విలువను లెక్కలోకి తీసుకోకూడదు అంటుందది. ప్రభుత్వమే టగ్గుల కోసం ఎగబడింది, ఆ ఎగబడటం వల్లే ధర పెరిగింది, ఆ పెరిగిన ధరను మళ్ళీ ప్రభుత్వం చేతే కట్టించడం ఏం న్యాయం అన్నది కోర్టు తర్కం. ధర్మాసనంలో అందరూ దీనికి ఒప్పుకోలేదు, గట్టిగా విభేదించినవాళ్ళూ ఉన్నారు.

మొదటిసారి చదివినప్పుడు ఈ తర్కం కాదనలేనిదిగానే కనిపిస్తుంది. దేశం కష్టంలో ఉంటే దాని మీద ఎవరూ లాభం చేసుకోకూడదు, ఇందులో తప్పేముంది? ఈ సూత్రం వెనకున్న కోపం కూడా నిజమైనదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో ఓడల కంపెనీలు చేసుకున్న లాభాలు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. 1917లో బోనార్ లా అక్కడి ఆర్థిక మంత్రి. ఆయనే పార్లమెంటులో తన సొంత లెక్క బయటపెట్టాడు: ఓడల కంపెనీల్లో తాను పెట్టినది ఎనిమిది వేల పైచిలుకు పౌండ్లు, నూటికి అయిదు చొప్పున రావాల్సింది 405 పౌండ్లు, 1915లో వచ్చింది 3,624, మరుసటి ఏడాది 3,847. పన్నులు వేయాల్సిన మంత్రే ఇట్లా చెప్పుకున్నాడంటే, బజారులో బ్రెడ్డు ధర చూసి తిట్టుకుంటున్న కూలీ ఏమనుకుని ఉంటాడు?

అయితే ఆ లాభాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. అసలు మెలిక అక్కడుంది. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న ఓడలకు 1915లో ఒక కమిటీ ఖాయం చేసిన రేట్లు ఇచ్చేవారు, వాటిని బ్లూ బుక్ రేట్లు అనేవారు. అంటే మన రేటు కార్డే. స్వాధీనం కాని ఓడలు బయట స్వేచ్ఛగా తిరిగేవి. యుద్ధంలో ఓడలు మునిగిపోయే కొద్దీ, కొన్నిటిని ప్రభుత్వం పట్టుకుపోయే కొద్దీ, బయట తిరిగే ఓడ బాడుగ కొన్ని రెట్లకు ఎక్కింది. ఇరవై ఓడలున్న కంపెనీ లెక్క వేసుకోండి. పది ఓడలు ప్రభుత్వానికి పోయాయి, వాటి మీద బ్లూ బుక్ రేటు. మిగతా పది మీద మండే మార్కెట్టు. సగటున పంట పండినట్టే. ప్రభుత్వం పది ఓడలు పట్టుకుపోవడమే మిగతా పదింటికి గిరాకీ తెచ్చిపెట్టింది.

ఒకే ఓడ ఉన్నవాడికి ఈ సగటు లేదు. పోతే మొత్తం పోతుంది, ఉంటే మొత్తం ఉంటుంది. తాళాలు ఇచ్చాక వాడికి మార్కెట్టులో ఇంకో కాలు లేదు. మళ్ళీ వ్యాపారంలోకి రావాలంటే, తన దగ్గర తీసుకున్నప్పుడు లెక్కలోకి రాని ఆ పెరిగిన ధరకే ఇంకో ఓడ కొనుక్కోవాలి. పెద్ద కంపెనీకి ధర పెరగడమంటే లాభం. కోర్స్ లాంటివాడికి ధర పెరగడమంటే పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు. చట్టం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. పెద్దవాడి లాభాన్ని ఆపడానికి తయారుచేసిన సూత్రం పెద్దవాడిని ఒరుసుకుంటూ పోయి చిన్నవాడి మెడకు చుట్టుకుంది.

లాభం మీద కోపముంటే దానికి వేరే దారి ఉంది. బ్రిటన్ ఆ దారి కూడా పట్టింది. 1915లో అదనపు లాభాల మీద 50 శాతం పన్ను వేసింది, 1917కు అది 80 శాతానికి చేరింది. ఆ పన్ను అడిగేది నువ్వు ఎంత మిగుల్చుకున్నావు అని. మిగలనివాడి జోలికి పోదు. పరిహారంలో కోత అట్లా కాదు, మిగిలినవాడినీ మునిగినవాడినీ ఒకే కత్తెరతో కత్తిరిస్తుంది. లాభాన్ని పన్నుతో పట్టుకోండి, నష్టాన్ని పరిహారంతో పూర్తిగా పూడ్చండి, రెండు పనులకూ ఒకే పనిముట్టు వాడకండి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఇంకో సంగతి చూస్తే ఆ సూత్రం అంత పవిత్రమైనదేమీ కాదని కూడా తెలుస్తుంది. 1917 ఆగస్టులో అమెరికా తన యార్డుల్లో కడుతున్న పెద్ద ఉక్కు ఓడలన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో స్వాధీనం చేసుకుంది. వాటిలో నార్వేవాళ్ళు ఆర్డరిచ్చినవీ ఉన్నాయి. నార్వే అప్పటికి తటస్థ దేశం. వ్యవహారం నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో మధ్యవర్తుల ముందుకు పోయింది. అమెరికా తరఫువాళ్ళు ఇవి యుద్ధపు సట్టా ధరలు, ఇవ్వనక్కర్లేదు అని వాదించారు. 1922 అక్టోబరులో మధ్యవర్తులు సుమారు 1.2 కోట్ల డాలర్లు ఇవ్వమన్నారు. అమెరికా ఇస్తానన్నదానికి అది చాలా ఎక్కువ. ఈ తీర్పును ముందుముందు ఎవరూ ఉదాహరణగా చూపకూడదని ఒక నిరసన ఉత్తరం జతచేసి మరీ అమెరికా ఆ డబ్బు కట్టింది. వెనక ఒక దేశం నిలబడితే ఒక లెక్క, మెకార్థర్ టగ్గు ఓనరు ఒంటరిగా నిలబడితే ఇంకో లెక్క.

ఇప్పుడు ఓడలు వదిలి కర్నూలు వైపు రండి. మా అమ్మ తరఫు బంధువులు కొందరిది ఆత్మకూరు దిక్కు, శ్రీశైలం నీళ్ళలో మునిగిన ఊళ్ళు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981లో ఊళ్ళను బలవంతంగా ఖాళీ చేయించిన తీరు ఆ తరంవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అది యుద్ధం కాదు నిజమే, కానీ అప్పుడు నడిచిన 1894 నాటి భూసేకరణ చట్టం చూడండి. 23వ సెక్షన్ నోటిఫికేషన్ రోజు ధర ఇవ్వమంటుంది. 24వ సెక్షన్ ఆ భూమిని తీసుకుని వాడబోయే పని వల్ల దాని విలువ పెరిగితే అది లెక్కలోకి రాకూడదంటుంది. అమెరికా ఓడల చట్టంలో ఉన్న మాటే, నలభై ఏళ్ళ ముందు మన నేల మీద రాసిపెట్టారు. నోటిఫికేషన్ నాటి ధర చేతికి వచ్చేసరికి ఏళ్ళు గడిచేవి. ఆ డబ్బుతో మునగని ఊళ్ళో పొలం కొందామని పోతే, అక్కడ ఒకేసారి అన్ని ఊళ్ళవాళ్ళూ కొనడానికి వచ్చి ఉన్నారు. కాలువ వస్తుందన్న చోటైతే ఎకరం ధర అందనే అందదు. మా మామ ఒకాయనకు నదిఒడ్డున నాలుగెకరాల మాగాణి ఉండేది. వచ్చిన డబ్బుకు ఎర్రగడ్డ మెట్ట చేను దొరికింది, అదీ సగం. ధర పెంచిన డ్యామే ఆయన పొలాన్ని మింగింది. ఆ పెరుగుదలలో ఆయన వాటా మాత్రం కొనేటప్పుడు కట్టాల్సిన ఖర్చు రూపంలోనే వచ్చింది.

ఈ తప్పు చట్టాలు చేసేవాళ్ళకు తెలియకపోలేదు. 1984లో సొలేషియాన్ని, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ధర మీద అదనంగా ఇచ్చే సొమ్మును, 15 నుంచి 30 శాతానికి పెంచారు. 2013 చట్టంలో గ్రామీణ ప్రాంతాల భూమికి మార్కెట్ విలువను రెండు రెట్ల వరకు గుణించి, దాని మీద 100 శాతం సొలేషియం ఇవ్వాలని రాశారు. మార్కెట్ ధర ఇస్తే చాలు అన్న మాట చాలదని ఒప్పుకోవడమే ఇది. నేలకు ఒప్పుకున్న మాట బండికి ఇంకా ఒప్పుకోలేదు.

పరిహారం గురించి మాట్లాడేటప్పుడు ఇంకో భయం కూడా ఉంది. ఇచ్చేవాడే చట్టాలు చేసేవాడు. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ మీదికి వస్తుంటే, శత్రువు చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం బర్మా ఆయిల్ కంపెనీ చమురు స్థావరాలను ధ్వంసం చేయించింది. కంపెనీ ఏళ్ళ తరబడి కొట్లాడితే, 1964లో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం పరిహారం ఇవ్వాల్సిందే అంది. మరుసటి ఏడాదే పార్లమెంటు యుద్ధ నష్టాల చట్టం చేసి, వెనకటి తేదీతో ఆ హక్కునే తుడిచిపెట్టింది. గెలిచిన కంపెనీకి చేతికి ఏమీ రాలేదు. (ఆ రంగూన్ నుంచే అప్పట్లో వేలమంది తెలుగు కూలీలు కొండలు, అడవులు దాటి నడిచి ఇంటిదారి పట్టారు. వాళ్ళు వదిలేసి వచ్చిన సామానుకు దావా వేసే కంపెనీ లేదు.) జపాన్‌లో అయితే ఇంకా సూటిగా చేశారు. యుద్ధంలో ఓడలన్నిటినీ ప్రభుత్వం తీసుకుంది, చాలావరకు సముద్రంలో కలిసిపోయాయి, 60,000 మందికి పైగా నావికులు చనిపోయారు. ఓడల యజమానులకు ప్రభుత్వం పరిహారం బాకీ పడింది. యుద్ధం ఓడిపోయాక 1946లో, దేశాన్ని ఆక్రమించుకున్న మిత్రరాజ్యాల అధికారుల ఒత్తిడితో, ఆ యుద్ధకాలపు పరిహారాల మీద 100 శాతం పన్ను వేశారు. కుడిచేత్తో ఇవ్వాల్సింది ఎడమచేత్తో పూర్తిగా లాక్కున్నట్టు. పన్నే మంచి పనిముట్టు అని పైన రాశాను కాబట్టి, ఆ పనిముట్టుతో ఏం చేయొచ్చో కూడా చెప్పకపోతే అన్యాయం. లాభం మీద వేసే పన్ను వేరు, బాకీ మీద వేసే పన్ను వేరు.

ఈ వాదన అంతా తాలూకా కోర్టులో ప్రాక్టీసు చేసే మిత్రుడికి చెప్తే ఆయన ఒక్క ప్రశ్నతో నన్ను ఆపేశాడు. "సరిహద్దుకు పోయిన పిల్లోడి ప్రాణానికి మార్కెట్ రేటు కడ్తాండామా? వాని తల్లికి లేని లెక్క నీ జీపుకు, ఆ టగ్గుకు ఎందుకప్పా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేం. యుద్ధకాలంలో పరిహారం తగ్గించాలన్న వాదనలన్నిటిలోకీ బలమైనది ఇదే. అందరూ ఏదో ఒకటి వదులుకుంటున్నప్పుడు ఓడవాడు మాత్రం రూపాయి రూపాయి లెక్క అడగడం చూడ్డానికి బాగుండదు. కానీ నాకు తోచేది ఇది: సైనికుడి ప్రాణానికి ధర కట్టలేకపోవడం మన అశక్తత. దాన్ని ఆదర్శంగా చేసుకుని, ధర కట్టగలిగిన చోట కూడా కట్టకపోవడానికి వాడుకోకూడదు. పైగా త్యాగం అందరిదీ అయితే భారం కూడా అందరి మీదా పడాలి. అందరి మీదా పడేది పన్ను. ఆ రోజు ఆ రోడ్డు మీద పోతూ దొరికిన ఒక్క జీపువాడి మీద పడేది త్యాగం కాదు, అదృష్టం బాగాలేకపోవడం. వాడి పక్కనే అదే రకం బండి బళ్ళారిలో రెట్టింపు బాడుగకు తిరుగుతోంది. దేశం కోసం వదులుకో అని అడిగితే వదులుకునే మనుషులు మన దగ్గర తక్కువేమీ లేరు. నీ వంతు మాత్రమే వదులుకో, మిగతావాళ్ళు లాభం చేసుకుంటారు అంటే ఎవడికైనా గేరుబాక్సు పోతుంది.

బాగా చేసిన సందర్భం కూడా ఒకటి ఉంది, 1982 ఫాక్‌లాండ్ యుద్ధం. బ్రిటన్ ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చి, సుమారు 50 వాణిజ్య నౌకలను స్వాధీనం చేసుకోవడమో, బాడుగకు తీసుకోవడమో చేసింది. విలాస యాత్రలకు తిరిగే క్వీన్ ఎలిజబెత్ 2 నౌక మీద హెలికాప్టర్లు దిగే వేదికలు కట్టి మూడు వేల మంది సైనికులను ఎక్కించారు. యుద్ధం అయిపోయాక వాటిని తీసేసి, నౌకను మళ్ళీ ప్రయాణికులకు పనికొచ్చేలా ప్రభుత్వ ఖర్చుతో బాగుచేయించారు. సొట్ట పోయిన తలుపుతో తిరిగిచ్చి, ఇది ముందే ఉందేమో అనలేదు. అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు నౌక మాత్రం తిరిగి రాలేదు. మే 25న క్షిపణి తగిలి కాలిపోయింది, కెప్టెన్‌తో సహా 12 మంది చనిపోయారు. దాని స్థానంలో అదే పేరుతో కొత్త నౌకను బ్రిటన్ యార్డులోనే కట్టారు. పోయిన ఓడకు బదులు ఓడ. కావాలనుకుంటే చేయొచ్చు, అది అసాధ్యమైన పనేమీ కాదు.

ఇంతవరకు నేను రాసిందంతా ఓనరు గురించే. చట్టాలు కూడా అంతే, ఓనరు దగ్గర ఆగిపోతాయి. చిన్నాయన జీపు పట్టుకుపోయినప్పుడు బండితోపాటు డ్రైవరు కూడా పోయాడు. సామగ్రి పంచే కేంద్రం దగ్గర బండి కిందే పడుకున్నాడు. పోలింగ్ సిబ్బందికి వచ్చిన పొట్లాల్లో మిగిలితే తిన్నాడు. ఆ రోజుల బత్తా ఎవరివ్వాలి అన్నది వాడికీ మా చిన్నాయనకూ మధ్య పెద్ద పంచాయితీ అయింది. డబ్బులు రాలేదు కదా అన్నాడు చిన్నాయన. వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. వచ్చేసరికి ఆ డ్రైవరు వేరే బండి ఎక్కేశాడు.

ఓడల మీదా ఇదే జరిగింది, ఇంకా ఘోరంగా. రెండో ప్రపంచ యుద్ధం మొదటి రెండేళ్ళలో బ్రిటిష్ వాణిజ్య నౌక మునిగిపోతే, నావికుడి జీతం ఆ రోజుతో ఆగిపోయేది. తెడ్డు పడవలో తేలుతున్న రోజులకు జీతం లేదు. 1941లోగానీ ఆ పద్ధతి మారలేదు. ఆ ఓడల ఇంజన్ గదుల్లో బొగ్గు వేసిన మన లస్కర్లకు, అంటే మన దేశపు నావికులకు, తెల్ల నావికుల జీతంలో చిన్న భాగమే దక్కేది. నార్వే సంగతి మరీ విచిత్రం. 1940లో జర్మనీ నార్వే మీద పడగానే నార్వే ప్రభుత్వం, దేశం బయట ఉన్న సుమారు వెయ్యి వాణిజ్య నౌకలను స్వాధీనం చేసుకుని, లండన్‌లో పెట్టిన నోర్ట్రాషిప్ అనే సంస్థ కింద నడిపింది. నార్వే నావికులకు ప్రమాద బోనసు బ్రిటిష్‌వాళ్ళకంటే ఎక్కువ ఉండటం బ్రిటన్‌కు నచ్చలేదు, తగ్గించారు. తగ్గించిన తేడాను ఒక రహస్య నిధిలో వేశారు. యుద్ధం అయ్యాక నావికులు మా డబ్బు మాకివ్వండి అన్నారు. ప్రభుత్వం లేదంది. 1954లో ఆ దేశ సుప్రీంకోర్టు కూడా నావికులకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పింది. చివరికి 1972లో పార్లమెంటు దయతో ఇస్తున్నట్టుగా కొంత మంజూరు చేసింది. అప్పటికి ఎంతమంది నావికులు బతికున్నారు?

అందుకే ఈ మధ్య మా వైపు బండ్ల ఓనర్ల సంఘంవాళ్ళు కలెక్టరుకు ఒక అర్జీ రాసిపెట్టమంటే ఓడల నుంచి నేర్చుకున్నదంతా అందులో పెట్టాను. అమెరికా చట్టంలో కోర్స్‌ను ముంచిన వాక్యం వదిలేసి, ఆయనను కాస్త ఆదుకున్న వాక్యం తీసుకున్నాను: లెక్క నచ్చకపోయినా ముందు 75 శాతం చేతికి ఇవ్వాలి, పోట్లాట మిగతా పాతిక మీద. మన చట్టంలో మధ్యవర్తి ఉన్నాడు గానీ, ఆయన దగ్గరికి పోయేదాకా కిస్తీ ఎవరు కడతారో లేదు. తాళాలు తీసుకునేటప్పుడే ముప్పావు వంతు ఖాతాలో పడితే బళ్ళారి పోయే బండ్లు సగం ఆగిపోతాయని నా నమ్మకం. రెండోది, బండి తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసి ఇద్దరూ సంతకం చేయాలి. ఫోన్ లేని అధికారి ఇప్పుడెవరూ లేరు. మూడోది, రేటు కార్డు ఏడాదికి ఒకటి కాకుండా ఆ నెల బాడుగను బట్టి ఉండాలి, ఒకే బండి ఉన్నవాడికి దాని మీద ఇంకొంత కలపాలి. ఇది గొంతెమ్మ కోరిక అని నాకూ తెలుసు. పది బస్సులున్న ఆసామికీ, జీపు కిస్తీ కడుతున్నవాడికీ ఒకే రేటు పెట్టడం సమానత్వం అనుకునే ఆఫీసుల్లో దీన్ని ఎవరు ఒప్పుకుంటారు? అయినా రాశాను.

చివరి గళ్ళలో డ్రైవరు పేరు, అతని బ్యాంకు ఖాతా నంబరు, రోజు బత్తా వేరుగా పెట్టాను, ఓనరు ఖాతాతో సంబంధం లేకుండా. సంఘం సెక్రటరీ కాగితం చూసి, "ఇదొకటి ఎందుకు పెట్టినావప్పా, ఓనరే ఇస్తాడు గదా" అన్నాడు. నోర్ట్రాషిప్ సంగతి చెప్పాను. సాంతం విని, "అది ఓడల కత" అన్నాడు. అర్జీ మీద సంతకాలు చేయాల్సినవాళ్ళంతా ఓనర్లే కాబట్టి, ఆ గడి ఉంచాలా తీసేయాలా అన్నది వచ్చే మీటింగులో పెడతామన్నారు. ఆ మీటింగుకు డ్రైవర్లను కూడా పిలవండి అన్నాను, దానికి ఇంకా ఎవరూ ఊ అనలేదు.